కుసుమ్‌డి హాల్టులో ఎర్రజెండా

ఖరగ్‌పూర్‌లో ఒక రైల్వే కార్యాలయపు గణాంక విభాగాన్ని ఇరవై రెండు సంవత్సరాలుగా తమ కలం మీద మోస్తూ వచ్చిన యజ్ఞనారాయణగారు, 1976 సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం ఏడుంపావుకు కుసుమ్‌డి హాల్టులో పాసెంజరు బండి దిగారు. ఆయనతోపాటు ఒక గొడుగు, ఒక తోలుసంచీ, సంచీలో ఒక పెద్ద రిజిస్టరు, రెండు పెన్సిళ్ళు, భార్య బాలాంబ కట్టి ఇచ్చిన పులిహోర పొట్లం దిగాయి. మరెవ్వరూ దిగలేదు. బండి తనకు విధించిన ఒక్క నిమిషమూ ఆగి, కూత వేసి, ఒరిస్సా వైపు వెళ్ళిపోయింది. సాయంత్రం ఐదున్నరకు అది తిరిగి వచ్చేదాకా ఆయనకూ నాగరిక ప్రపంచానికీ మధ్య ఏ సంబంధమూ లేదు.

కుసుమ్‌డికి ఉన్న సమస్త రవాణా వైభవమూ ఆ ఒక్క నిమిషమే. సాలువా వైపు పోయే తారురోడ్డు ఐదు మైళ్ళ దూరాన ఉంది. మధ్యలో ఒక వాగు. వానాకాలంలో ఎడ్లబండి ఆ వాగులో ఇరుసు దాకా దిగబడుతుంది. జబ్బుపడ్డవారిని నులకమంచం మీద వేసి నలుగురు మోసుకుపోవాలి. అలా బయలుదేరిన మంచాలలో కొన్ని రోడ్డు ముఖం చూడకుండానే వెనక్కి తిరిగాయన్న సంగతి, ఏ ఫారములోనూ అందుకు గడి లేని కారణంగా, ప్రభుత్వానికి తెలియదు.

ఇప్పుడు ఆ ఒక్క నిమిషానికీ ఎసరు వచ్చింది. ఐదువందల జనాభా లేని ఊళ్ళ దగ్గర బండిని ఆపడం బొగ్గుకూ కాలానికీ నష్టమనీ, అట్టి హాల్టులను ఎత్తివేయవలెననీ పైనుంచి ఉత్తర్వు వెలువడింది. కుసుమ్‌డి జనాభా ఒకరు ఆరువందలన్నారు, ఒకరు మూడువందలన్నారు. ఆ అజ్ఞానాంధకారాన్ని పటాపంచలు చేయడానికి యజ్ఞనారాయణగారిని నియోగించారు. ఊరివారిలో ఒక్కొక్కరినీ కళ్ళారా చూసి, పేరు, వయస్సు, పిల్లల సంఖ్య రిజిస్టరులో ఎక్కించి, మొత్తాలను మరొక ఫారములో సమర్పించాలి. రైలు ఎక్కడానికీ, ఒక మగవాడికి ఎందరు పిల్లలన్నదానికీ గల సంబంధమేమిటో ఆ ఫారము అచ్చువేసినవారికే ఎరుక.

పర్యటనకు పదిరోజుల ముందే ఆయన తేదీ, బండి, ఊరు, ఉద్దేశము వివరిస్తూ ఒక కాగితం టైపు చేయించి, కార్బను సాయంతో ఆరు ప్రతులు తీయించారు. కాగితం అడుగున 'సమాచారార్థము' అన్న శీర్షిక కింద ఆరు విభాగాల పేర్లు అచ్చై ఉన్నాయి. ఏ ఒక్క విభాగానికి తెలియకుండా ఒక అడుగు వేసినా అది ఆయన దృష్టిలో అరాచకం. కనుక ఆరింటికీ ఆరు ప్రతులు పంపారు. ఆరవది ఏ విభాగమో ఆయన చదివారు గానీ ఆలోచించలేదు. చదవడం తన ఉద్యోగమనీ, ఆలోచించడం పై అధికారులదనీ ఆయన సిద్ధాంతం.

ఆయనకు ఆలోచన తక్కువే గానీ భయం పుష్కలం. ఆ సంవత్సరం దేశంలో మరొక లెక్క నడుస్తోంది. మగవారికి ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల లెక్క అది. నస్‌బందీ అని అందరూ గొంతు తగ్గించి అనేవారు. నెలకు ఇన్ని అని పైనుంచి ఒక అంకె దిగేది, ఆ అంకెను నింపడానికి జీపులు తిరిగేవి. ముగ్గురిని మించి సంతానమున్న ఉద్యోగుల జాబితా ఆయన కార్యాలయంలో కూడా తయారైంది. ఆయనకు ఐదుగురు.

బయలుదేరే ముందు ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని తమ రైల్వే క్వార్టరులో, పొట్లానికి దారం చుడుతూ బాలాంబ అడిగింది.

"జాబితాలో మీ పేరు ఎన్నోదండీ?"

"మూడవది."

"మొదటి ఇద్దరూ?"

"శుక్రవారం నుంచి సెలవులో ఉన్నారు."

"వాళ్ళు అడిగిన సెలవా, ఇచ్చిన సెలవా?"

యజ్ఞనారాయణగారు ఉత్తరీయం మడత సరిచేసుకున్నారు. బాలాంబ దారం తెంపింది.

"మంచిదే. కుర్చీలో కనపడేవాడినే కదా పిలుస్తారు. ఇలా ఊళ్ళు తిరుగుతూ ఉండండి," అంది.

ఆ విధంగా, తాను లెక్కకు దొరకకుండా ఉండటానికి ఇతరులను లెక్కించబోయిన ఆ మహానుభావుడు హాల్టు దిబ్బ దిగి, పొలం గట్టు మీదుగా రెండు ఫర్లాంగులు నడిచి, ఊరి మొదటి ఇంటికి ఇంకా యాభై గజాల దూరం ఉందనగా టక్కున ఆగిపోయారు.

ఆ ఇంటి కప్పు మీద వెదురుకర్రకు ఎర్రజెండా ఎగురుతోంది.

అది పండుగ జెండా కాదు, పార్టీ జెండా కాదు. పట్టాల మీద పనిచేసేవారు బండికి చూపే అసలు సిసలైన రైల్వే జెండా. గుడ్డ వెలిసింది గానీ వర్ణం మీద సందేహం లేదు. రైలు కొలువులో తలనెరిసిన మనిషికి ఎర్రజెండా ఎదుట రెండు మార్గాలు ఉండవు. యజ్ఞనారాయణగారు గొడుగు విప్పి, సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, పచ్చజెండా కోసం నిరీక్షించసాగారు.

ఊరు నిశ్శబ్దంగా ఉంది. కోడి కూడా అరవలేదు. ఒక గుమ్మంలో సగం తోమిన ఇత్తడి చెంబు దొర్లి పడి ఉంది. ఒక చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది, గాలి మాత్రం లేదు. క్షణం కిందట దానిలో ఎవరో ఉన్నారు. ఎక్కడి నుంచో అనేక కళ్ళు తనను చూస్తున్నాయని ఆయన వీపుకు తెలిసింది. ఎనిమిది రోజులుగా వాన లేదు. ఎండ కత్తిలా ఉంది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. చెమట కళ్ళలోకి కారింది. వెనక్కి పోదామంటే బండి లేదు, ముందుకు పోదామంటే జెండా.

చివరికి ఆ ఇంటి తడిక తొలగించుకుని ఒక ముసలావిడ బయటికి వచ్చింది. చేతిలో పొయ్యికి గాలి ఊదే ఇనుపగొట్టం. దాన్ని ఆమె పట్టుకున్న తీరు పొయ్యి ఊదే తీరు కాదు.

"ఎవులు బాబూ తమరు? ఆ ఎండలో అలగ నిలబడ్డం ఏటి?"

"జెండా ఎర్రగా ఉంది కదమ్మా. ఎలా రాను?"

ఆమె ఆయనను పైనుంచి కిందికి చూసింది. పెదవి చివర నవ్వులాంటిది ఒకటి కదిలి మాయమైంది.

"ఓలమ్మో! అయితే తమరు రైలోలే. జీపోల్లు జెండాకి ఆగుతారేటి? తొక్కుకుంటా ఒచ్చెస్తారు."

ఆమె పేరు జోగమ్మ. పట్టాల గ్యాంగు మేస్త్రీగా పనిచేసి రెండేళ్ళ కిందట చనిపోయిన మనిషి భార్య. భర్త పోయినప్పుడు రైల్వే సొత్తు కింద తిరిగి అప్పగించవలసిన రెండు జెండాలను, ఎర్రదానినీ పచ్చదానినీ, ఆమె అప్పగించలేదు. పోయిన నెల పక్క ఊరిలో జీపు వచ్చి, సంతకు పోతున్న పదకొండుమందిని ఎక్కించుకుపోయింది. వారిలో ఒకడికి ఇంకా పెళ్ళి కాలేదు. ఆనాటి నుంచి కుసుమ్‌డి రక్షణ భారం జోగమ్మ జెండాల మీద పడింది. గట్టు మీద కొత్త మనిషి కనపడితే ఎర్రజెండా, మగవాళ్ళంతా సాలచెట్ల పొదల్లోకి, కల్వర్టు కిందికి, గడ్డివాముల్లోకి. పచ్చజెండా లేస్తే బయటికి. ముప్ఫై తెలుగు గ్యాంగు కుటుంబాలూ, అరవై పైచిలుకు బెంగాలీ రైతు కుటుంబాలూ భాషాభేదం లేకుండా ఆ రెండు గుడ్డముక్కల ఏలుబడిలో బ్రతుకుతున్నాయి.

యజ్ఞనారాయణగారు అక్కడే నిలబడి తాను వచ్చిన పని చెప్పారు. ఐదువందలమంది తేలకపోతే బండి ఆగదని కూడా చెప్పారు.

జోగమ్మ చేతిలోని గొట్టం కిందికి దిగింది.

"ఆగదా? ఎప్పుట్నుంచి?"

"వచ్చే నెల మొదటి తేదీ నుంచి."

ఆమె వెనక్కి తిరిగి ఇంటివైపు చూసింది. తడిక సందులో ఒక నిండు గర్భిణి నిలబడి ఉంది. జోగమ్మ కూతురు సింహాచలమ్మ. ఎనిమిదో నెల.

"పోయిన ఏడు దీనికి నొప్పులొచ్చినప్పుడు పొద్దుటి బండి అందలేదండి. మంచం మీద మోసుకెల్లినారు. వాగు కాడ మంచం ఒరిగిపోనాది. ఇది దక్కినాది, కడుపులోది దక్కనేదు. ఈపాలి బండే దానికి దిక్కు. బండి ఆగాల," అంది. తర్వాత గొంతు గట్టిపడింది. "అయితే మా మగోల్లు బయటికి రావాల. అంతేనా?"

"అంతే. నేను చూడాలి. చూడని మనిషిని రాయకూడదు."

"వచ్చినాక ఎనకనుంచి జీపొస్తే?"

"నా వెనుక ఎవరూ రారమ్మా. నేను ఒక్కడినే వచ్చాను."

"సూడండి పంతులుగారూ," అంది జోగమ్మ, ఒక్కొక్క మాట తూచి. "నేను పచ్చ ఎత్తితే ఊరు ఊరంతా నా మాట మీద బయటికొచ్చెస్తాది. మా అల్లుడు జగ్గారావు ముందొస్తాడు. ఆడికి భయం. నాకూ భయమే. తమకి భయం నేదేటి?"

యజ్ఞనారాయణగారు నిజం చెప్పారు.

"ఉంది. నాకు ఐదుగురు పిల్లలు."

ఆ ఒక్క మాట ఏ రాజముద్ర కంటే ఎక్కువ పనిచేసింది. జోగమ్మ నిచ్చెన వేసుకుని కప్పు మీదికి ఎక్కింది. ఎర్రజెండా దించింది. పచ్చజెండా చేతిలో పట్టుకుని చాలాసేపు, ఆయనకు యుగమంత సేపు, నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. తరువాత ఎత్తింది.

ఊరు భూమిలోంచి మొలిచింది. పాతాళద్వారం తెరిచినట్లు కల్వర్టు కింద నుంచి బురద పూసుకున్న మగవాళ్ళు ఒకరి వెనుక ఒకరు వచ్చారు. గడ్డివాము పగిలి ముగ్గురు పుట్టారు. ఒక వృద్ధుడు వడ్లగాదెలోంచి తల పైకెత్తి, "దాదా, ఠీక్ ఆఛే?" అని బెంగాలీలో అడిగి, బదులు వచ్చేవరకు మెడ దాకా గింజల్లోనే ఉండిపోయాడు. ఆయనకు డెబ్బైనాలుగేళ్ళు. ఆయనకు ఏ జీపూ ఆశపడదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. జీపులు వయసు అడగవని అందరికీ తెలుసు.

జగ్గారావు వచ్చాడు గానీ దగ్గరికి రాలేదు. పది గజాల దూరంలో, పరిగెత్తడానికి వీలుగా ఒక కాలు ముందుకు పెట్టి నిలబడ్డాడు.

"పేరు?" అన్నారు యజ్ఞనారాయణగారు.

"అది ఆ బుక్కులో రాస్తారేటి?"

"రాయాలి నాయనా."

"రాసింది ఎవులు సదువుతారు?"

"మా కార్యాలయం వారు."

"ఆల్లు సదివి?"

"బండి ఆపుతారు."

"బండి ఆపడానికి నా పేరెందుకు? బండి నన్నెరుగును. రోజూ దాని కింద పట్టాలు బిగిస్తన్నాను," అన్నాడు జగ్గారావు. చుట్టూ కొందరు నవ్వారు, నవ్వి వెంటనే గట్టు వైపు చూశారు. ఆ రోజు కుసుమ్‌డిలో ప్రతి నవ్వు చివరా ఒక చూపు గట్టు వైపు పోయింది.

"రాయించీ ఒరే," అంది జోగమ్మ. అతను రాయించాడు.

జోగమ్మ ఇంటి ముందరి సాలచెట్టు నీడలో ఎనిమిదిన్నరకు మొదలైన ఆ మహాయజ్ఞం మూడు గంటలకు ముగిసింది. యజ్ఞనారాయణగారు తెలుగువారిని తెలుగులో, రైతులను బెంగాలీలో అడిగారు. చంటిపిల్లలను తల్లులు రెండు చేతులతో ఎత్తి చూపించారు. ఇంట్లో మంచం పట్టినవారిని ఆయనే స్వయంగా వెళ్ళి చూశారు. పులిహోర పొట్లం విప్పనేలేదు. చివరి అంకె కింద రెండు గీతలు గీసి, మొత్తాలను ఫారములో నింపారు. జనాభా: ఐదువందల పదకొండు. సమీప రోడ్డు: ఐదు మైళ్ళు. మోటారు వాహనములు వచ్చు మార్గము: లేదు.

"పదకొండు ఎక్కువే అమ్మా! మీ హాల్టును ఇక ఎవ్వరూ కదపలేరు," అన్నారు. ఆయన స్వరంలో ఒక సామ్రాజ్యాన్ని నిలబెట్టినవాడి గర్వం కూడా లేకపోలేదు. సింహాచలమ్మ మొదటిసారి తడిక దాటి వచ్చి, ఆయన ముందు చెంబెడు మజ్జిగ పెట్టింది.

ఆయన చెంబు ఎత్తారు. పెదవికి తగలకముందే ఆ శబ్దం వినిపించింది.

వాగు వైపు నుంచి వస్తోంది. ముందు దోమ రొదలా, తర్వాత తుమ్మెదలా. గేరు మార్చినప్పుడు మూలిగింది. ఎనిమిది రోజులుగా వాన లేదు, వాగు తగ్గింది. ఎడ్లబండికి చాలని దారి జీపుకు చాలుతుంది. నొప్పులు పడే ఆడమనిషికి ఏనాడూ దొరకని దారి అది.

ఎవరూ కేక వేయలేదు. అదే అన్నింటికంటే భయంకరం. ఐదువందలమంది ఒక్క మాట లేకుండా చెదిరిపోయారు. చెట్టు కింద తాటాకు చాప మీద ఒక పిల్లవాడి గిలక మాత్రం మిగిలింది. జోగమ్మ నిచ్చెన మీద సగం దాకా వెళ్ళి, అక్కడి నుంచి దిగి వచ్చింది. జెండా మార్చే అవసరం తీరిపోయింది.

"ఎవ్వరూ రారన్నారు," అంది. అది నింద కూడా కాదు. అడిగినట్లు అంది.

యజ్ఞనారాయణగారి మనస్సులో అప్పుడు ఆరవ ప్రతి లేచి నిలబడింది. తేదీ, బండి, ఊరు, ఉద్దేశము. 'గ్రామములోని స్త్రీ పురుషులందరినీ ఒకచోట చేర్చి లెక్కించుట' అని తానే వ్రాసిన వాక్యం. దాని కింద అచ్చైన ఆరవ పేరు: కుటుంబ నియంత్రణ విభాగము.

"నేనే పంపానమ్మా," అన్నారు. "కావాలని కాదు. అందరికీ ఒక్కొక్క ప్రతి పంపడం ఆనవాయితీ."

జోగమ్మ ఆయనను చూడలేదు. ఆయన ఒళ్ళోని రిజిస్టరును చూస్తోంది. ఆమెకు చదువు రాదు. అయినా ఆ గ్రంథంలో ఏముందో ఆ క్షణాన ఆమెకు తెలిసినంతగా ఏ పండితుడికీ తెలియదు. ఏ ఇంట్లో ఏ మగవాడు, వయసెంత, పిల్లలెందరు అన్నీ వరుసగా, దస్తూరీ చక్కగా. పొదలు వెతకనక్కరలేదు. పిలిస్తే చాలు. రాకపోతే పేరు చెప్పి ఇంటి ఆడవాళ్ళను పట్టుకుంటే చాలు.

"ఆ బుక్కు ఇటియ్యండి."

"ఇది పోతే లెక్కకు ఆధారం ఉండదు. ఒట్టి మొత్తం పంపితే కొట్టేస్తారు. హాల్టు..."

"ఎరుగుదును," అంది జోగమ్మ.

ఆమె ఒకసారి కూతురి వైపు చూసింది. సింహాచలమ్మ గోడకు ఆనుకుని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని తల దించుకుంది. జీపు రొద గట్టు దగ్గరికి వచ్చింది. జోగమ్మ రిజిస్టరు తీసుకుని, పొయ్యిలో కుండ కిందికి, ఎర్రటి నిప్పుల మీదికి తోసి, ఇనుపగొట్టం నోట పెట్టుకుని ఊదింది. అట్ట ముందు వంగింది, తర్వాత అంటుకుంది. ఆమె దగ్గుతూ, కళ్ళ నీళ్ళు కారుతూ, చివరి పుట దాకా ఊదింది.

యజ్ఞనారాయణగారి చేతిలో మొత్తాల ఫారము మిగిలింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమెకు ఇచ్చారు.

"సాయంత్రం బండి గార్డుకు ఇవ్వండి. మా కార్యాలయం పేరు పైన ఉంది."

ఆమె దాన్ని రొండిన దోపుకుంది.

జీపులోంచి నల్ల కళ్ళద్దాల మనిషి ఒకడు, కర్రలు పట్టుకున్న నలుగురు దిగారు. ఎవరూ గొంతు పెంచలేదు. కళ్ళద్దాల మనిషి ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టాడు. ఖాళీ చాపనూ, గిలకనూ, పచ్చజెండానూ చూశాడు.

"మీ కాగితం అందింది. చాలా స్పష్టంగా వ్రాశారు. జాబితా ఇవ్వండి," అన్నాడు హిందీలో.

యజ్ఞనారాయణగారు జీవితంలో మొదటి అసత్యానికి సిద్ధమయ్యారు. చుట్టూ చూశారు. పెరట్లో జోగమ్మ మేక ఒకటి తాపీగా నెమరు వేస్తోంది.

"మేక తినేసింది," అన్నారు.

కర్రలవాళ్ళలో ఒకడు నవ్వాడు. కళ్ళద్దాల మనిషి నవ్వలేదు. పొయ్యిలోంచి వస్తున్న పొగ వైపు చూశాడు, మేక వైపు చూశాడు. మళ్ళీ ఈయన వైపు తిరిగి, సంభాషణకు ఏదో ఒకటి అడగాలన్నట్లు, బెంగాలీలో అడిగాడు.

"ఆప్‌నార్ ఛేలేమేయే కొటా, దాదా?"

మీకు పిల్లలెందరు అని. ఇద్దరు అంటే సరిపోయేది. అక్కడ రుజువు అడిగేవారు లేరు. యజ్ఞనారాయణగారి నాలుక ఆ రెండవ అబద్ధం కోసం ఎంతో వెతికింది. మేకల విషయంలో ఆయన అబద్ధమాడగలరని అప్పుడే తేలింది. అంకెల విషయంలో ఇరవై రెండేళ్ళ అలవాటు అడ్డు వచ్చింది.

"ఐదుగురు," అన్నారు.

"రండి," అన్నాడు కళ్ళద్దాల మనిషి.

ఆయన లేచారు. గొడుగు తీసుకోబోతే, అక్కరలేదని ఒకడు చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు గట్టిగా కూడా లేదు. సింహాచలమ్మ పెట్టిన మజ్జిగ చెంబు నిండుగా అక్కడే ఉండిపోయింది. జీపు కదిలాక, అది వాగు దాటే శబ్దం వినపడేదాకా, కుసుమ్‌డిలో ఒక్క ఆకు కదలలేదు.

ఆయన పదిరోజుల సెలవు తరువాత కార్యాలయానికి వచ్చారు. కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చునేవారు. జాబితాలో మూడవ పేరు ఎదుట ఎర్రసిరాతో చిన్న గీత పడి ఉంది. ఆయన లేని సాయంత్రం పాసెంజరు గార్డు తెచ్చి ఇచ్చిన గొడుగును బాలాంబ తలుపు వెనుక, కంటికి కనపడకుండా పెట్టింది.

ఈలోగా మొత్తాల ఫారము తన ప్రయాణం తాను చేసింది. రిజిస్టరు ఏదని పైవారు అడిగారు. మేక తినెనని యజ్ఞనారాయణగారు లిఖితపూర్వకంగా నివేదించారు. అంతటితో ఒక దస్త్రం జన్మించింది. మేక ఎవరిది? రైల్వే సొత్తును తినుటకు ముందు దానిని అదుపు చేయు ప్రయత్నము జరిగినదా? భక్షణ సంపూర్ణమా, పాక్షికమా? దస్త్రం ఆరు విభాగాలు తిరిగింది. ప్రతి విభాగమూ ఒక ప్రశ్న చేర్చింది. చివరకు ఒక మహాధికారి అడుగున ఇలా వ్రాశాడు: 'విచారణ ముగిసి, జనాభా మరల లెక్కింపబడువరకు ప్రస్తుత ఏర్పాటు కొనసాగవలెను.'

అక్టోబరు మొదటి తేదీన కుసుమ్‌డిలో బండి ఆగింది. రెండవ తేదీనా ఆగింది. అది ఎందుకు ఆగుతోందో ఊరిలో ఎవరికీ తెలియదు. రేపు ఆగుతుందో లేదో అంతకంటే తెలియదు. ప్రతి ఉదయం కూత వినపడగానే జోగమ్మ గుమ్మంలోకి వచ్చి, చక్రాలు నిలిచేదాకా అక్కడే నిలబడేది.

నవంబరులో, మేక వ్యవహారం ఎరిగిన ఏకైక ఉద్యోగి కనుక, మళ్ళీ యజ్ఞనారాయణగారినే లెక్కకు పంపారు.

ఆయన హాల్టు దిబ్బ దిగి, అదే గట్టు మీద, అదే యాభై గజాల దూరంలో ఆగారు. కప్పు మీద ఎర్రజెండా ఎగురుతోంది. గొడుగు విప్పి నిలబడ్డారు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి.

జోగమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆయనకూ తనకూ నడుమ గట్టు మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది. ఇనుపగొట్టం చంకలో ఉంది.

"ఈపాలి ఎన్ని నకల్లు పంపినారు పంతులుగారూ?"

"ఒక్కటీ పంపలేదమ్మా."

"నిజమే అయ్యుంటాది," అంది ఆమె. "తమకి జరిగింది ఇన్నాను. తమరు మంచోరు. అయినా అక్కడే ఉండండి."

"ఉంటానమ్మా." ఆయన నీళ్ళు తాగి చెంబు గట్టు మీద పెట్టారు. "లెక్క తేలేదాకా బండి ఆగుతుందని ఉత్తర్వు. లెక్క తేలనంత కాలం..."

ఆమె చంకలోని గొట్టం తీసి నేలకు ఆనించింది.

"అయితే తేల్చకండి."

అప్పుడు ఆ ఇంట్లోంచి ఒక ఏడుపు లేచింది. సన్నని, కొత్త గొంతు. పుట్టి నెల కూడా నిండి ఉండదు. యజ్ఞనారాయణగారి చెయ్యి తనంతట తాను జేబులోని పెన్సిలు మీదికి పోయింది. ఐదువందల పన్నెండు. ఆయన ముఖంలో ఏదో వెలిగింది.

జోగమ్మ ఆ చేతిని చూసింది. ఆ చూపుకు ఆయన చెయ్యి జేబు దగ్గరే ఆగిపోయింది.

ఏడుపు మధ్యలోనే తెగిపోయింది. లోపల ఎవరో పసిదాని నోరు మూశారు.

"నాకేమీ వినపడలేదు," అన్నారు యజ్ఞనారాయణగారు, మెల్లగా.

జోగమ్మ లోపలికి పోలేదు. ఐదున్నర బండి కూత వేసేదాకా ఇద్దరూ యాభై గజాల గట్టుకు అటూ ఇటూ నిలబడ్డారు. బండి వచ్చింది, ఒక్క నిమిషం ఆగింది. కిటికీ పక్కన కూర్చుని, ఊగే బల్ల మీద, ఆయన జనాభా అన్న గడిలో ఇలా వ్రాశారు: 'గ్రామము ఎదుట ఎర్రజెండా ఉన్నందున ప్రవేశింపలేదు.'

ఈసారి నకలు తీయలేదు.